ఎవరి గొయ్యి వాళ్ళది

కిందటేడు ఎండాకాలమంతా నేను పొద్దున్నే లేచి చేసిన మొదటి పని గోతులకు నీళ్ళు పోయడం. మొక్కలకు కాదు, గోతులకే. బాపట్లలో మా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షెడ్డు వెనక మూడు ఎర్త్ గోతులు ఉండేవి. ఒక్కోదానిలో నిలువునా ఒక ఇనుప గొట్టం, చుట్టూ బొగ్గు, కల్లుప్పు, పైన సిమెంటు మూత. మూత తీసి బిందెడు నీళ్ళు పోస్తే మా ఊరి ఇసక గుటుక్కున మింగేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు నోరు తెరుచుకుని చూసేది. పక్కింటావిడ ప్రహరీ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటమ్మా, ఏం మొలుస్తుందందులో?" అని అడిగేది. "కరెంటు పాదులండి, ఇంకా పూత రాలేదు" అనేదాన్ని.

పూత మాట అటుంచి, ఆ గోతులన్నీ శుద్ధ దండగని నాకు అప్పటికి తెలియదు. దండగ అంటే మా వంశంలో అన్నిటికన్నా పెద్ద తిట్టు.

నేను తెనాలిలో కొట్ల మధ్య పుట్టాను. మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సులు. మా వీధి పిల్లలు నడక నేర్చేది కౌంటరు పట్టుకుని, మాటలు నేర్చేది బేరాలు విని. నాకు 'అమ్మ' తర్వాత వచ్చిన మాట 'ఆఖరి రేటెంతండి' అని మా అన్నయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. పెళ్ళై బాపట్ల వచ్చాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. ఎక్స్‌రే గదిలో చెయ్యి బల్లమీద పెట్టి, "రెండో చెయ్యి కూడా తీయించుకుంటే ఏమైనా తగ్గిస్తారా" అని అడిగిన మనిషిని నేను.

ఆ జబ్బే నన్ను ఒక పాత జపాను మెషిన్ దగ్గరికి నడిపించింది. జాకెట్ల వీపు మీద, చేతుల మీద పూలూ నెమళ్ళూ కుట్టే మెషిన్. వరసగా సూదుల తలకాయలు, కింద ఊగుతూ కదిలే ఇనుప చట్రం. దానికి జోడీగా కుట్టిన ముక్కల్ని సాపు చేసే ఇస్త్రీ ప్రెస్ బల్ల. రెండూ వాడేసిన సరుకే, రెండూ కలిపి బేరం. తీరా ఇంటికి తెచ్చాక తెలిసింది, అవి మన కరెంటు తినవని. మన స్తంభం నుంచి షెడ్డుకి వచ్చే మూడు ఫేజుల కరెంటు నాలుగొందల చిల్లర వోల్టులు. ఆ మెషిన్లు పుట్టింది రెండొందలకి. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉండాలి. అది హోల్‌సేల్‌గా బేళ్ళు దించుకుని, మీటర్ల లెక్కన చింపి ఇచ్చే కొట్టులాంటిది. పెద్ద కరెంటు తీసుకుని చిన్న కరెంటు ఇస్తుంది.

కొత్తది కొనడం మా ఇంటా వంటా లేదు. రేపల్లెలో ఒక రొయ్యల షెడ్డు మూతపడిందనీ, అందులో జపాను ఫ్రీజరుకు వాడిన ట్రాన్స్‌ఫార్మర్ ఉందనీ తెలిసి వెళ్ళాను. షెడ్డు యజమాని లుంగీ ఎగ్గట్టుకుని నిలబడి దాన్ని చూపించాడు. పెళ్ళికూతుర్ని చూసినట్టు చుట్టూ తిరిగి చూశాను. వంక దొరకందే బేరం మొదలవదు. ఇవతలివైపు నాలుగు బోల్టులు ఉన్నాయి. మూడింటికి తీగలు తగిలించే బిళ్ళలు శుభ్రంగా ఉన్నాయి. నాలుగో బోల్టుకు మాత్రం వేలెడు రాగి పట్టీ ముక్క, రంపంతో కోసేసినట్టు, వేలాడుతోంది.

"ఇదేంటండీ, ఇక్కడ తెగిపోయింది?"

"ఏదో పట్టీలేమ్మా. మిగతాది పాతసామాన్లకి పోయింది."

"తెగిన సరుకు నిండు రేటుకి ఎలా ఇస్తారండి? అంచు చిరిగిన చీరని మేం కట్‌పీసుల్లో కలిపేస్తాం."

"అమ్మా, అది చీర కాదు, ట్రాన్స్‌ఫార్మరు."

"చిరుగు చిరుగేనండి."

ఆ వేలెడు ముక్కను పట్టుకుని నేను ఎంత సేపు లాగానంటే, చివరికి ఆయనే విసుగెత్తి నా రేటుకు దిగొచ్చాడు. ఆ పట్టీ ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళేదో మాత్రం అడగలేదు. వంక దొరికాక వివరాలతో పనేముంది? తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

వైరింగుకు మా వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వయసులో పెద్దవాడు, నేను బాబాయ్ అంటాను. చొక్కా జేబులో టెస్టరు, నోటినిండా కబుర్లు. ఆయన చేసే పనికీ చెప్పే కథకీ పోటీ పెడితే ఎప్పుడూ కథే ముందు పూర్తవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే గోడకు ఒక కొత్త ప్యానెల్ బిగించి, అందులోంచి మెషిన్‌కీ ప్రెస్‌కీ తీగలు లాగాడు. నాలుగో బోల్టు చూసి, "ఇది న్యూట్రల్ అమ్మాయ్. మన మెషిన్లకి మూడు ఫేజులే కావాలి. దీంతో మనకి పనిలేదు" అని దానికి నల్ల టేపు చుట్టేశాడు.

ఎర్తింగు దగ్గర మాత్రం నా తెలివి అడ్డొచ్చింది. వీధి కరెంటు వచ్చే పాత ప్యానెల్‌కు అప్పటికే ఒక గొయ్యి ఉంది. కొత్తవాటిని కూడా దానికే కలిపేద్దామా అని బాబాయ్ అన్నాడు. నేను వద్దన్నాను. మా తెనాలి వీధిలో ఒకే గోడౌను పెట్టుకున్న అన్నదమ్ములు చివరికి ఒకే శుభలేఖలో పేర్లు వేయించుకోనంత దూరం వెళ్ళారు. కలిపి పెట్టిన చోట ఒకరి తేడా ఇంకొకరికి అంటుకుంటుందని మాకు చిన్నప్పుడే నూరిపోశారు. అందుకని మెషిన్‌కు వేరే గొయ్యి, ప్రెస్‌కు వేరే గొయ్యి, ఎవరి గొయ్యి వాళ్ళది అని పట్టుబట్టాను. బాబాయ్ "అసలు అదే కరెక్టమ్మా, ఎన్ని గోతులుంటే అంత బలం" అన్నాడు. గొయ్యికింత అని ఆయనకు గిట్టుబాటు. వేరువేరుగా ఉన్నాయని నాకు నిశ్చింత. అలా ఇద్దరు తెలివైనవాళ్ళు కలిసి ఇసకలో గోతులు తవ్వుకున్నాం.

మెషిన్ మీద పనిచేసేది నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళ పెద్దను ఊళ్ళో అందరిలాగే నేనూ ఆపా, అంటే అక్కా, అంటాను. చిన్నప్పటి నుంచి మగ్గం వర్కు చేసిన మనిషి. చట్రానికి గుడ్డ బిగించి, కింద ఎడంచేత్తో దారం అందిస్తూ పైన కుడిచేత్తో సూది దించి ఆవిడ కుట్టిన నెమలి, మా మెషిన్ కుట్టిన నెమలిని చూసి జాలిపడేలా ఉంటుంది. మెషిన్‌కు దారాలు మార్చడం, రంగులు చూడడం, తప్పు కుట్టు పట్టుకోవడం అన్నీ ఆవిడే.

మొదట ఆవిడే చెప్పింది, "అమ్మాయ్, మెషిన్ చీమలా కుడుతోంది" అని. తడిచేత్తో ముట్టుకుంటే చురుక్కుమంటోందట. బాబాయ్ వచ్చి, చెప్పులు విప్పకుండానే వేలితో తాకి చూసి, "ఏం లేదు, గాలిలో తేమ" అన్నాడు. గొయ్యి ఎండిందేమో నీళ్ళు పొయ్యమన్నాడు. నా బిందె పని అలా మొదలైంది. వాళ్ళు నలుగురూ తలో చెక్కపీట తెచ్చుకుని కాళ్ళకింద వేసుకున్నారు. వారం తిరిగేసరికి పీట లేకుండా మెషిన్ దగ్గరికి ఎవరూ వెళ్ళేవారు కాదు. అదేదో మా షెడ్డు ఆచారం అయిపోయింది. గుమ్మంలో చెప్పులు విడిచినట్టు, మెషిన్ ముందు పీట ఎక్కడం.

ఆషాఢం నడుస్తోంది. శ్రావణం వస్తే పెళ్ళిళ్ళు, పేరంటాలు. అన్నయ్య కొట్టుకు వర్కు జాకెట్లు కుట్టి పంపాలి. ఆ హడావుడిలో ఒకరోజు ఆపా కుడిచెయ్యి మెషిన్ చట్రం మీద ఉండగానే, పక్కకు వంగి, ప్రెస్ బల్ల మీది జాకెట్టు ముక్కను ఎడంచేత్తో అందుకోబోయింది. వేళ్ళు బల్ల అంచుకు తగిలాయి.

అరుపు కూడా రాలేదు. ఒళ్ళంతా బిగుసుకుపోయి, విదిలించినట్టు వెనక్కి పడింది. పీట ఎగిరి అవతల పడింది. పక్కనున్న అమ్మాయి మెయిన్ కట్టేసింది. ఆసుపత్రికి తీసుకెళితే గుండె బాగానే ఉందన్నారు. ఎడంచేతి వేళ్ళకు మాత్రం స్పర్శ సరిగా లేదు, మెల్లగా వస్తుందన్నారు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ మంచంమీద కూర్చుని, ఒడిలో ఒక సూది పెట్టుకుని, ఎడంచేతి వేళ్ళతో దాన్ని తీయడానికి చూస్తోంది. సూది జారిపోతోంది. మళ్ళీ తీస్తోంది.

"ఆపా, పెద్ద మేస్త్రిని పిలిచి అంతా బాగుచేయిస్తాను."

"చేయించు. కానీ మేం నలుగురం రాం."

"పూర్తిగా బాగయ్యాకే రండి."

"బాగయ్యిందని ఎవరు చెబుతారు? నీ బాబాయేనా? ఆయన గాలిలో తేమ అన్నాడుగా." సూదిని ఈసారి పట్టుకుంది. "అమ్మాయ్, నీకు తెనాల్లో కొట్టుంది. నాకు ఈ చెయ్యే కొట్టు. దీన్ని నేను ఎవరి మాట మీదా తాకట్టు పెట్టను. కరెంటు చచ్చిపోవడం నా కళ్ళతో చూడాలి. అప్పుడొస్తా."

కొట్టు అన్న మాట ఎవరన్నా నాకు వెంటనే అర్థమవుతుంది. కొట్టు కాలిపోయిన మనుషుల్ని మా వీధిలో చూశాను. లేచి ఇంటికి వచ్చేటప్పుడు ఒకటే నిశ్చయించుకున్నాను. ఆవిడ తనంతట తాను ఆ బల్లమీద చెయ్యి వేసేదాకా షెడ్డులో సూది దిగకూడదు.

బాబాయ్ నాలుగో గొయ్యి తవ్వుదామన్నాడు. ఈసారి ఉప్పు ఎక్కువ వేద్దామన్నాడు. నేను కాదనలేదు కానీ, ముందు మెషిన్‌కూ ప్రెస్‌కూ మధ్య మీటరు పెట్టి చూడమన్నాను. ఆపాకు తగిలింది ఆ రెండింటి మధ్యే కదా. మీటరు తెచ్చి, మెయిన్ వేసి, ఒక కొస మెషిన్‌కు, ఒక కొస బల్లకు తాకించాడు. అంకెలు చూసి బాబాయ్ మీటరును ఒకసారి తట్టి మళ్ళీ పెట్టాడు. దాదాపు రెండొందలు. రెండు ఇనుప బాడీల మధ్య నిండు కరెంటు నిలబడి ఉంది. అయినా ప్యానెల్లో ఎంసీబీలు, తేడా వస్తే వాటంతటవే పడిపోవాల్సిన స్విచ్చులు, ఏమీ ఎరగనట్టు పైకి చూస్తూ కూర్చున్నాయి.

"ఇదేంటి బాబాయ్, ఇంత కరెంటు బాడీలోకి వస్తే ఎంసీబీ పడిపోవాలిగా?"

"పడాలి" అన్నాడు. "ఎందుకు పడలేదో నాకూ తెలీట్లేదమ్మాయ్" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

మెయిన్ కట్టేసి ట్రాన్స్‌ఫార్మర్ ముందు కూర్చున్నాను. నల్ల టేపు చుట్టిన ఆ నాలుగో బోల్టు కనిపించింది. టేపు విప్పాను. వేలెడు రాగి ముక్క. దాన్ని చూపించే కదా నేను రేటు తగ్గించింది. ఎవరైనా రాగిని ఊరికే వేలాడదీస్తారా? రాగి ధర తెలిసిన దాన్ని, ఆ ప్రశ్న నాకు కొనేరోజే రావాల్సింది.

మర్నాడు తెనాలి రైలెక్కాను. అన్నయ్య దగ్గర ఆగి, జాకెట్లు ఆలస్యమవుతాయని చెప్పి తిట్లు తిన్నాను. అక్కణ్ణించి రేపల్లె పాసింజరు. వేమూరు దాటాక రెండువైపులా నాట్లకు దమ్ము చేసిన పొలాలు. అంత నీళ్ళు చూస్తే నా గోతులు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

రొయ్యల షెడ్డు యజమాని నన్ను గుమ్మంలోనే గుర్తుపట్టాడు.

"రండమ్మా, రండి. వాపసు మాత్రం లేదు."

"వాపసుకి రాలేదండి. ఆ తెగిన పట్టీ ఎక్కడికెళ్ళేదో చెప్పండి చాలు."

ఆయన లుంగీ సర్దుకుని పడీపడీ నవ్వాడు. "అది తెగిందనేగా నా పీక కోశారు. ఇప్పుడు ఆ తెగిన ముక్కే కావాలా?"

"నవ్వండి. మీరు నవ్వాల్సిందే. కానీ మా దగ్గర ఒకావిడకి కరెంటు కొట్టింది."

నవ్వు ఆపేశాడు. లోపలికి తీసుకెళ్ళి ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మూల చూపించాడు. గోడమీద పాము పాకినట్టు ఒక పచ్చటి చార. రాగి పట్టీ చిలుము పట్టి వదిలిన గుర్తు. ఆ చార ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోటు నుంచి ప్యానెల్ ఉన్న చోటుకు, అక్కడినుంచి గోడకు బిగించిన ఒక దళసరి రాగి పలకకు వెళ్ళింది. ఆ పలక నుంచి ప్రతి మూలకూ కొమ్మల్లా చారలు.

"నీళ్ళల్లో నిలబడి చేసే పని మాది. మొదట్లో మాక్కూడా కొట్టింది. అప్పుడో ఇంజినీరుని తెచ్చి చేయించాం" అన్నాడు. "వీధి కరెంటు మీ ట్రాన్స్‌ఫార్మర్ దాకానే అమ్మా. అక్కడితో ఆగిపోద్ది. లోపలికెళ్ళే చుట్ట వేరు, బయటికొచ్చే చుట్ట వేరు. రెండిటికీ తీగ సంబంధం లేదు. ఇవతలికొచ్చేది కొత్త కరెంటు. అది అక్కడ పుట్టింది, అక్కడికే తిరిగి చేరాలి. ఆ నాలుగో బోల్టే దాని గుమ్మం. ఆ గుమ్మాన్నీ, ట్రాన్స్‌ఫార్మర్ బాడీనీ, ప్యానెల్‌నీ, మెషిన్ల ఇనుమునీ అన్నిటినీ ఈ పలక దగ్గర ఒకటిగా కట్టాలి. అప్పుడు ఎక్కడైనా తీగ చిట్లి బాడీకి తగిలితే కరెంటు పట్టీ వెంట పరిగెత్తుకుని గుమ్మానికొస్తుంది. ఒక్కసారిగా అంత వచ్చేసరికి ఎంసీబీ ఠపీమని పడిపోద్ది."

"మేం ఒక్కోదానికి ఒక్కో గొయ్యి తవ్వామండి."

"వంద తవ్వండి. ఇసకలోంచి కరెంటు డేక్కుంటూ వస్తది. డేకేదాన్ని ఎంసీబీ లెక్కచెయ్యదు. అది పడకపోతే ఆ ఇనుమంతా కరెంటుతోనే కూర్చుంటది. రెండు చేతులూ రెండింటి మీదా వేసిన మనిషిని దారి చేసుకుంటది."

ఆపా చేతులు కళ్ళముందు కదిలాయి. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు.

"ఇంకోమాట" అన్నాడాయన. "గుమ్మాన్ని బాడీతో కలపడం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్క చోటే. మీవాడు ఉత్సాహంతో మెషిన్ దగ్గర కూడా కలిపేస్తాడేమో, చెయ్యనివ్వకండి. పనిచేసే కరెంటే ఇనుములో షికారు కొడతది."

ఇది మాత్రం నాకు ఎవరూ విడమర్చక్కర్లేదు. ఒక కొట్లో రెండు గల్లాపెట్టెలు పెడితే ఏమవుతుందో మాకు తెలుసు.

ఆ రాగి పలకా, గోడ పూత వెనక మిగిలిన కాస్త పట్టీ అడిగాను. ఆయన కళ్ళలో పాత పగ మెరిసింది. రేటు చెప్పాడు. ఇలాంటి చోట నేను మంచిదాన్నై అడిగినంతా ఇచ్చేశానని రాసుకుంటే బాగుండేది. ఇవ్వలేదు. పచ్చగా చిలుము పట్టిందని వంక పెట్టాను. ఆయన మొహం చూసి ఇద్దరం నవ్వేశాం. పలకకూ పట్టీకీ తోడు ఒక పొట్లం ఎండురొయ్యలు కూడా రాబట్టుకుని రైలెక్కాను.

బాబాయ్‌ని ఒప్పించడం రేపల్లె బేరం కన్నా కష్టమైంది.

"న్యూట్రల్‌ని తీసుకెళ్ళి బాడీకి కట్టమంటావా? జనం నవ్విపోతారమ్మాయ్!"

"బాబాయ్, మా కొట్లో కొన్న జాకెట్టు ముక్క నచ్చలేదనుకో. ఎక్కడికి తెచ్చిస్తారు?"

"మీ కొట్టుకే."

"పక్క కొట్టుకి తీసుకెళ్తే?"

"తరిమేస్తాడు."

"మరి మన ట్రాన్స్‌ఫార్మర్లో పుట్టిన కరెంటుని ఇసకలోకి పంపి, పోయి ఎక్కడో ఇచ్చుకో అంటే అదెక్కడికి పోతుంది?"

బుర్ర గోక్కున్నాడు. "ఇసక మాత్రం దారి కాదా?"

"గతుకుల దారి. రాగి తారురోడ్డు."

ఆయనకు నా మాట ఎక్కిందో, మీటరులో చూసిన అంకె ఇంకా కళ్ళముందే ఉందో, పని మొదలుపెట్టాడు. మెయిన్ కట్టేసి, తాళం వేసి, తాళంచెవి నా కొంగుకు ముడేసుకున్నాను. నాలుగో బోల్టు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ బాడీకి, ప్యానెల్ ఎర్త్ బారుకు, గోడమీద పలకకు పట్టీ బిగించాడు. పలక నుంచి మెషిన్‌కు, ప్రెస్‌కు, దారాల ఇనప రాక్‌కు, పాత ప్యానెల్‌కు వేరువేరు పట్టీలు. వెనక ఉన్న గోతులన్నిటినీ ఒక ఇనుప పట్టీతో చుట్టి పలకకే కలిపాడు. ఎవరి గొయ్యి వాళ్ళదన్న నా సిద్ధాంతం ఆ రోజుతో ఉమ్మడి కాపురంలో కలిసింది. ప్రతి బోల్టు దగ్గరా రంగు గీకించాను. రంగు మీద బిగిస్తే ఇనుము ఇనుముకు తగలదని రేపల్లె ఆయన మరీ మరీ చెప్పాడు.

తాళం తీసి మెయిన్ వేశాం. మెషిన్ ఎంసీబీ పైకెత్తాడు.

ఠప్. పడిపోయింది.

మళ్ళీ ఎత్తాడు. ఠప్. ప్రెస్‌ది ఎత్తాడు. అదీ ఠప్.

బాబాయ్ చేతులు నడుంమీద పెట్టుకుని నావైపు చూశాడు. "చూశావా? నేను చెప్పలా? నిన్నటిదాకా నడిచిన మెషిన్‌ని కూర్చోబెట్టేశాం."

సరిగ్గా అప్పుడే అన్నయ్య ఫోను. "జాకెట్లేవి? శ్రావణం గుమ్మంలోకొచ్చింది. పెళ్ళివాళ్ళు కౌంటరు ముందు కూర్చున్నారే తల్లీ. ఏం చెప్పమంటావ్?"

ఫోను పెట్టేసరికి బాబాయ్ గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మాయ్, ఇదంతా వద్దు. ఆ నాలుగో బోల్టు ఒక్కటి విప్పేస్తా. నడుస్తుంది. ఎవర్నన్నా ఇద్దర్ని పిలుచుకొచ్చి, పీటలమీద నిలబెట్టి ఆర్డరు దింపేసెయ్. తర్వాత తీరిగ్గా బిగిద్దాం."

నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నప్పుడు నా బుర్ర అలవాటు కొద్దీ తూకం వేయబోయింది. బేరగత్తె బుర్ర అంతే, దాన్ని ఆపలేం. కానీ ఎంసీబీ పడినప్పుడు వచ్చిన ఆ చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. ఆ చప్పుడు రావాల్సింది ఆపా పడిపోయిన రోజు. అది ఇవాళ వచ్చింది. మెషిన్ ఇవాళ పాడవలేదు. ఎప్పుడో పాడైనదాన్ని ఇన్నాళ్ళకు ఒకడు పట్టిచ్చాడు. పట్టిచ్చినవాణ్ణి కొట్టి తరిమేస్తామా?

బోల్టు విప్పే స్పానర్ తీసి నా హ్యాండ్‌బ్యాగులో పడేసి జిప్పు లాగాను.

"దొంగల్ని వెతుకు బాబాయ్. రెండు చోట్ల ఉన్నారు."

వెతికాడు. గొణుక్కుంటూనే వెతికాడు. మెషిన్ వెనక రేకు తీస్తే, చట్రం ఊగే చోట కేబులు రేకు అంచుకు రాసుకుని రాసుకుని తోలు ఊడిపోయింది. లోపలి రాగి నిగనిగలాడుతూ ఇనుముకు ఆనుకుని ఉంది. ప్రెస్ బల్లలో హీటర్ కడ్డీ లోపలి తీగ చిట్లి, గొట్టానికి అంటుకుంది. అది ఒక ఫేజు, ఇది ఇంకో ఫేజు. ఎప్పటినుంచి ఉన్నాయో దేవుడికే తెలియాలి. దారి తెగి ఉంది కాబట్టి రెండూ నోరెత్తకుండా కూర్చున్నాయి, మధ్యలో ఒక మనిషి చేతులు చాపేదాకా.

కేబులు మార్చి, రేకు అంచుకు రబ్బరు తొడిగాడు. కొత్త హీటర్ కడ్డీ గుంటూరు నుంచి తెప్పించాం. మీటరు పెట్టి మెషిన్‌కూ బల్లకూ మధ్య చూస్తే సున్నా. అన్నయ్యకు ఫోన్ చేసి, పెళ్ళివాళ్ళకు ప్లెయిన్ జాకెట్లు ఇచ్చి పంపమన్నాను. "నువ్వు మా ఇంటి పిల్లవేనా?" అన్నాడు. నాకూ ఆ అనుమానం వచ్చింది.

ఆపా దగ్గరికి వెళ్ళి చెప్పాను. కొత్త పట్టీల సంగతంతా ఓపిగ్గా విని, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ పాడైన కడ్డీ పారేశారా?"

"లేదు, షెడ్డులోనే ఉంది."

"అయితే దాన్నే మళ్ళీ పెట్టించు. నేనొచ్చి చూస్తా."

మా కొట్లో కూడా అంతే. రంగు పోదండీ అని మనం ఎంత ఒట్టేసినా, తెలిసిన ఆడవాళ్ళు లైనింగు కొసను ఉమ్మితో తడిపి, తెల్లగుడ్డ మీద రుద్ది చూసి గానీ కొనరు. అలాంటివాళ్ళను చూస్తే మాకు ఒళ్ళుమంట. వాళ్ళకు అమ్మిన సరుకు మాత్రం ఎప్పుడూ వాపసు రాదు.

నలుగురూ వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు. బాబాయ్ పాత కడ్డీని బల్లకు బిగించి, అందరినీ దూరం జరగమని, ఎంసీబీ ఎత్తాడు. ఠప్.

"మళ్ళీ" అంది ఆపా.

ఠప్.

"ఈసారి నేను ఎత్తుతా." వెళ్ళి, ఎడంచేత్తో, స్పర్శ ఇంకా పూర్తిగా రాని ఆ వేళ్ళతోనే మీట పైకి నెట్టింది. ఠప్. మీట ఆవిడ వేళ్ళకిందే పడిపోయింది.

"ఇప్పుడు దీనికి నోరొచ్చింది" అంది.

బాబాయ్ కొత్త కడ్డీ బిగించాడు. ఎంసీబీ నిలబడింది. మెషిన్ గుర్రుమంది. ఆపా తన పీట ముందు దాకా వచ్చి ఆగింది. మీటరు సున్నా చూపించిందని నాకు తెలుసు. అయినా వెళ్ళి మెయిన్ స్విచ్చు పక్కన నిలబడ్డాను. ఆవిడ పీట ఎక్కలేదు. కాలితో దాన్ని పక్కకు నెట్టి, నేలమీదే నిలబడి, కుడిచెయ్యి చట్రం మీద వేసింది. తర్వాత ఆ రోజులాగే పక్కకు వంగి, ఎడంచెయ్యి బల్ల అంచుమీద పెట్టింది.

"ఏం తెలుస్తోంది ఆపా?"

"వేడిగా ఉంది. ఇస్త్రీ బల్ల వేడిగానే ఉండాలిగా" అంది. మిగతా ముగ్గురూ నవ్వి లోపలికొచ్చారు. నెట్టేసిన పీటను ఆపా బాబాయ్ వైపు జరిపి, "కూర్చోండి బాబాయ్, టిఫిన్ తినండి. దీంతో మాకిక పనిలేదు" అంది.

దారం కండె చేతిలోకి తీసుకున్నాక నావైపు తిరిగింది. "ఆ పాత కడ్డీ పారెయ్యకు. గోడకి తగిలించు. నెలకోసారి దాన్ని బిగించి, ఎంసీబీ పడుతుందో లేదో మా నలుగురి ముందూ చూపించాలి. పట్టీల బోల్టులన్నీ బిగించాలి. అలాగైతేనే ఉంటాం."

"మూడు నెలలకోసారి చూపిస్తే సరిపోదా ఆపా? బాబాయ్‌కి ప్రతిసారీ..."

"నెలకోసారి."

"పోనీ, రెండు నెలలకి?"

ఆవిడ కండెను మెషిన్‌కు ఎక్కిస్తూ, నావైపు చూడకుండానే అంది, "ఇదే ఆఖరి రేటు."

మేకు ఎక్కడ కొట్టాలో బాబాయ్‌కు చూపించాను.